దూకుడుకో లైసెన్సు

నా చిన్నతనంలో లైసెన్సు అక్కర్లేకుండా మనిషి చెయ్యగలిగిన ప్రయాణం కాలినడక ఒక్కటే. సైకిలెక్కితే మునిసిపాలిటీ వారి బిళ్ళ ఉండాలి. బిళ్ళ లేకుండా పట్టుబడితే నాలుగు రోడ్ల కూడలిలో టైర్లలో గాలి తీసి పంపేవారు. ఇంట్లో రేడియో పెట్టుకుంటే ఏడాదికోసారి పోస్టాఫీసుకి వెళ్ళి రుసుము కట్టి రావాలి. కుక్కని పెంచుకుంటే దాని మెళ్ళో ఓ బిళ్ళ. సోడా కొట్టు, కాఫీ హోటలు, పిండిమర ఏది పెట్టినా సరే, ముందు కాగితం, తరవాతే బేరం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కాగితాలిచ్చిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఓ మోస్తరు పట్నంలో మునిసిపాలిటీ లైసెన్సుల సెక్షన్లో గుమాస్తాగా చేరి, ముప్ఫై నాలుగేళ్ళకి హెడ్డు గుమాస్తాగా బయటపడ్డాను. "వీళ్ళు గాలిక్కూడా లైసెన్సు పెడతారండీ!" అని జనం దెప్పుతూంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. గాలికి లైసెన్సులిచ్చే ఆఫీసు ఒకటి నిజంగానే ఉంటుందనీ, రిటైరయ్యాక ఆ ఆఫీసు ఉత్తర్వుల్ని డిటెక్టివు నవలల్లా చదువుతూ కూచుంటాననీ అప్పుడు నాకేం తెలుసు?

ప్రస్తుతం మా మకాం టొరాంటో పక్కన ఓ ఊళ్ళో, అమ్మాయిగారింట్లో. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే వీధి గుమ్మం తలుపుకీ మనకీ సంబంధం తెగిపోతుంది. మా ఆవిడ విష్ణుసహస్రనామం, నేను కిటికీ. పదిహేనేళ్ళ మనవడు మాత్రం బడి నుంచి రాగానే సోఫాలో వాలి ఫోనులోకి దిగిపోతాడు. ఓ సాయంత్రం నా మీద జాలి పుట్టినట్టుంది. "తాతయ్యా, ఇది చూడు" అంటూ ఫోను నా కళ్ళజోడు దగ్గరికి తెచ్చాడు.

చూశాను. ఒక కుర్రాడు కాళ్ళకి పలక కట్టుకుని మంచు కొండ మీంచి జారుకుంటూ వచ్చి, గాల్లోకి లేచి, మూడు పల్టీలు కొట్టి కిందికి దిగాడు. ఇంకొకడు చక్రాల పలక మీద నిలబడి మెట్ల పక్క ఇనప కమ్మీ మీద జారాడు. మరొకడు ఎవరో తరిమినట్టు కొండ అంచు దాకా పరిగెత్తి అమాంతం దూకేశాడు. తరవాత గొడుగు విచ్చుకుంది లెండి. ఆ విచ్చుకునే లోపల మా ఆవిడ సహస్రనామంలో మూడు నామాలు మింగేసింది.

"ఇవి ఆటలుట్రా! ప్రాణం మీదికి తెచ్చుకునే పద్ధతులు!" అంది.

"ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్స్, అమ్మమ్మా. ఇదివరకు వీటికి ఒక చానలే ఉండేదిట. ఇరవైనాలుగు గంటలూ ఇవే!"

"అలాంటి చానల్‌కి పర్మిషనెవరిచ్చారూ?"

ఆవిడ అడిగింది కోపంతో. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పర్మిషనెవరిచ్చారు? ఏ సెక్షను? ఏ షరతుల మీద? పాత గుర్రానికి జట్కా గంట వినిపించినట్టయింది. ఆ రాత్రే అల్లుడుగారిని బతిమాలి కంప్యూటరు ముందు కూచున్నాను.

ఈ దేశంలో రేడియోలకీ టీవీలకీ లైసెన్సులిచ్చే సంస్థని పొట్టిగా సీ.ఆర్.టీ.సీ. అంటారు. 1968లో పుట్టింది. కచేరీ రాజధాని ఒట్టావాకి ఎదురుగా, నది అవతలి ఒడ్డున గాటినోలో. చానల్ పెడతానన్న వాడు అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని వాళ్ళు బీరువాలో పెట్టి తాళం వెయ్యరు. ఫలానా వాడు ఫలానా చానల్ పెడతానంటున్నాడహో అని ప్రకటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్ళూ, సరేనన్నవాళ్ళూ, పొరుగు చానల్ వాళ్ళూ, ఇంట్లో కూచున్న మామూలు మనిషీ ఎవరైనా ఉత్తరం రాయొచ్చు. ఆ ఉత్తరాలకి దరఖాస్తుదారు జవాబు చెప్పుకోవాలి. ఆ తరవాత కారణాలతో సహా తీర్పు. ఒప్పుకోని సభ్యుడుంటే తన భిన్నాభిప్రాయం రాసి దానికే జత చెయ్యొచ్చు. మా మునిసిపాలిటీలో ఎవరైనా సభ్యుడు ఒప్పుకోకపోతే కుర్చీ లేచేది. ఎంత తేడా!

2000 సంవత్సరం దాకా అక్కడ చానళ్ళకి చోటు కరువు. పాత కేబుల్ తీగలో పట్టేవే కొద్ది. డిజిటల్ పెట్టెలు రాగానే సత్రం గదులు పెరిగినట్టు వందల చానళ్ళకి జాగా వచ్చింది. దాంతో కమిషన్ వారు 2000 నవంబరు 24న ఒక్కసారిగా తలుపులు తెరిచారు. మొదటి తరగతి లైసెన్సులు 21, రెండో తరగతి లైసెన్సులు 262!

ఈ రెండు తరగతులకీ తేడా మన పెళ్ళి పందిట్లో విడిది ఇంటి వాళ్ళకీ ఊళ్ళో వాళ్ళకీ ఉన్న తేడాలాంటిది. మొదటి తరగతి చానల్‌ని డిజిటల్ కేబుల్ కంపెనీ తప్పనిసరిగా చూపించి తీరాలి. దాని సరుకుతో పోటీకి మరొకణ్ణి రానివ్వరు. రెండో తరగతి చానల్‌కి ఆ మర్యాదల్లేవు. ప్రాథమిక షరతులకి ఒప్పుకుంటే లైసెన్సు ఇస్తారు. ఆ పైన కేబుల్ కంపెనీ గడప ఎక్కి బతిమాలుకోవడం నీ పని. సాహస క్రీడల చానల్ ఈ రెండో బంతిలో కూచుంది.

ఇక షరతులు! చదువుతూంటే నాకు మా సెక్షన్లో ఉన్నట్టే అనిపించింది. ముందుగా నీ చానల్ స్వభావం ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పుకోవాలి. సాహస క్రీడలు అని చెప్పావా, ఇక అవే చూపించాలి. అప్పటికే ఉన్న పెద్ద ఆటల చానళ్ళకి నేరుగా పోటీ కాకూడదు. "జనం చూడ్డం లేదు బాబూ, రాత్రి పూట కాస్త హాకీ వేసుకుంటాను" అంటే కుదరదు. కార్యక్రమాలకన్నిటికీ అంకెలున్నాయి. డాక్యుమెంటరీలు రెండో అంకె కింద, ఆటలు ఆరో అంకె కింద, నాటకాలూ సినిమాలూ ఏడో అంకె కింద. నీకు ఏయే అంకెలు కావాలో ముందే రాసుకోవాలి. కాఫీ హోటలు లైసెన్సు పుచ్చుకున్నవాడు భోజనం వడ్డిస్తే మేం ఊరుకునేవాళ్ళమా? ఇదీ అంతే.

ఇక్కడ నాకొక ధర్మసందేహం వచ్చింది. ఒకడు కొండ మీంచి దూకుతాడు. పోటీ లేదు, అంపైరు లేడు, గెలిచిందెవరో ఓడిందెవరో తెలీదు. వెనకాల సంగీతం, మధ్యలో వాడి జీవితచరిత్ర. ఇది ఆరో అంకె ఆటా, రెండో అంకె డాక్యుమెంటరీనా? మా ఆవిడనడిగితే, "ఏడో అంకె. విషాదాంత నాటకం" అంది.

మరో షరతు స్వదేశీ సరుకు. మొదటి ఏడాది ప్రసారాల్లో 15 శాతం, రెండో ఏడు 25, మూడో ఏడు నుంచి 35 శాతం కెనడాలో తయారైనవై ఉండాలి. అమెరికా పక్కింట్లోనే ఉండి లౌడ్‌స్పీకరు పెట్టుకుని పాడుతూంటుంది గనక, తమ గొంతు తమకి వినబడాలని వీళ్ళ తాపత్రయం. సాహస క్రీడల్ని పెద్ద జాతరగా చేసింది కూడా ఆ పక్కింటి వాళ్ళే. 1995లో ఒక అమెరికన్ ఆటల చానలే రోడ్ ఐలండ్‌లో మొదలుపెట్టిన పోటీల్ని ఇప్పుడు ఎక్స్ గేమ్స్ అంటున్నారు. 1998లో నగానో ఒలింపిక్సులో స్నోబోర్డుకి పీట వేశారు. అల్లరి పిల్లల ఆటకి అలా గౌరవం వచ్చిన రెండేళ్ళకే ఈ లైసెన్సులు.

"టీవీ చూపించడానికి గవర్నమెంటు అనుమతెందుకు తాతయ్యా?" అన్నాడు మనవడు. మంచి ప్రశ్నే. జవాబు మన దగ్గరే ఉంది. అదీ ఆటల తగాదాలోంచే వచ్చింది. 1993లో హీరో కప్పు క్రికెట్టు పోటీల్ని టీవీలో ఎవరు చూపించాలన్న దాని మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ గొడవొచ్చి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు. ఆ బల్ల మీదున్న ముగ్గురిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారొకరు. ఆ తీర్పు సారం చూడండి: ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి. ప్రభుత్వం ఒక్కదాని గుత్తసొత్తూ కాదు, డబ్బున్న వాడి జాగీరూ కాదు. ప్రజల మేలు చూసే ఒక సంస్థ వాటి వాడకాన్ని అదుపు చెయ్యాలి. ఊరి చెరువులో చేపల పాట ఎవరికిచ్చినా, చెరువు మాత్రం ఊరిదే అన్నమాట. మనవడికి చేపల పాట అంటే ఏమిటో చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది.

సరే, కథలోకొద్దాం. 2001 సెప్టెంబరు మొదటి వారంలో డజన్ల కొద్దీ కొత్త చానళ్ళు ఒక్కసారిగా ప్రసారాలు మొదలెట్టాయి. ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్స్ అన్న పేరుతోనే ఒక చానల్ వాటిలో ఉంది. ఆ మరుసటి వారమే, సెప్టెంబరు 11న, న్యూయార్కులో జంట శిఖరాలు కూలిపోయాయి. లోకమంతా వార్తల ముందు కూచుంది. కొత్త పెళ్ళికూతురు గడప దాటేసరికి ఇంట్లో మైల వచ్చినట్టయింది పాపం ఆ చానళ్ళ పని. డిజిటల్ పెట్టెలున్న ఇళ్ళూ అప్పటికి తక్కువే. లైసెన్సు పుచ్చుకున్న 262లో చాలా వాటికి అసలు ప్రసారయోగమే పట్టలేదు. పట్టినవాటిలో ఈ దూకుడు చానల్ పదేళ్ళు నిండకుండానే మూతపడింది. కమిషన్ కాగితం బతకడానికి హక్కునిచ్చింది గానీ ఆయుర్దాయం ఇవ్వలేకపోయింది. ఏ లైసెన్సయినా అంతే. హోటలుకి కాగితం ఇవ్వగలం గానీ ఇడ్లీని మెత్తగా చెయ్యలేం.

ఆ షరతులన్నీ రెండుసార్లు చదివాను. చెవిటివాళ్ళ కోసం తెర అడుగున మాటలు వెయ్యడం ఉంది. గంటకి ప్రకటనలు ఎన్ని నిమిషాలో ఉంది. వాటాలు ఎవరి చేతిలో ఉండాలో ఉంది. దూకేవాడి మెడ గురించి మాత్రం ఒక్క గడీ లేదు.

నవ్వుకుందామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. మా ఊళ్ళో ఎగ్జిబిషన్లు వచ్చినప్పుడు మరణబావి వేసేవారు, గుర్తుందా? పెద్ద చెక్క బావి. దాని గోడ మీద మోటారు సైకిలు గిర్రున తిరిగేది. పైన నిలబడి చూసేవాళ్ళు రూపాయి కాగితం చాపితే వాడు చేతులొదిలేసి అందుకునేవాడు. ఆ ఫైళ్ళు నా బల్ల మీంచే వెళ్ళేవి. కరెంటు సర్టిఫికెట్టు, ఫైరింజను వాళ్ళ సర్టిఫికెట్టు, వినోదపు పన్ను, పారిశుధ్యం రుసుము. చెక్కలు చూసే వాళ్ళు చెక్కలు చూసేవారు, తీగలు చూసే వాళ్ళు తీగలు చూసేవారు. లోపల తిరిగే మనిషి పేరు రాయడానికైనా ఆ ఫారంలో చోటుండేది కాదు. మన ఊరి ఫారం వేరూ, ఒట్టావా ఫారం వేరూ కాదన్నమాట. లైసెన్సు అంతా చూసేవాడికీ చూపించేవాడికీ మధ్య ఒప్పందం. దూకేవాడు అందులో సరుకు.

ఆ సరుకులో ఒక పేరు చెబుతాను. శారా బర్క్. టొరాంటోకి ఉత్తరాన ఉన్న బారీ ఊళ్ళో పుట్టిన పిల్ల. సగం గొట్టంలా కోసిన మంచు కాలవలో స్కీయింగ్ చేస్తూ అటు గట్టు మీంచి ఇటు గట్టు మీదికి ఎగిరే ఆటలో ఎక్స్ గేమ్స్ బంగారం నాలుగుసార్లు గెలిచింది. మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకీ పోటీలుండాలని పోట్లాడింది. ఆ ఆటని ఒలింపిక్సులో పెట్టించాలని ఏళ్ళ తరబడి అడిగింది. 2011లో ఒలింపిక్ సంఘం వారు సరేనన్నారు, 2014లో సోచీలో పెడతామన్నారు. 2012 జనవరి 10న అమెరికాలో యూటా రాష్ట్రంలో సాధన చేస్తూ పడిపోయింది. తొమ్మిది రోజుల తరవాత పోయింది. 29 ఏళ్ళు. తను అడిగి సంపాదించిన అనుమతి మీద ఆడటానికి తను లేదు. సోచీలో మిగతా ఆడపిల్లలు ఆడారు.

ఆమె చేసిన పనిని నేను చాలాసేపు ఆలోచించాను. ప్రమాదం తెలియని పిల్ల కాదు. తన ఆటకి ఒక చోటు, ఒక పేరు, ఒక నియమం, ఒక అంపైరు కావాలని అడిగింది. దూకుడుకి లైసెన్సు కావాలని అడిగింది దూకేవాళ్ళే అన్నమాట! లైసెన్సంటే అడ్డుకట్ట అనుకుంటాం గానీ, "మేమూ ఉన్నాం, మమ్మల్నీ లెక్కలో రాసుకోండి" అని చెప్పుకోవడం కూడా.

ఆ లెక్క పుస్తకమే ఇప్పుడు సన్నబడింది. 2015లో కమిషన్ వారు, ఎవడి సరుకు వాడే అమ్మాలన్న పాత కట్టుబాటు తీసేశారు. 2016 నుంచి జనం తమక్కావలసిన చానళ్ళని ఏరుకుని కొనుక్కోవచ్చన్నారు. రెండు లక్షల కంటే తక్కువ చందాదారులున్న చిన్న చానళ్ళకి షరతులు పాటిస్తే చాలు, లైసెన్సే అక్కర్లేదన్నారు. పాత కట్టుబాటు అంత గొప్పదేం కాదు. ముందొచ్చిన వాళ్ళు కంచె వేసుకుని కూచోడానికి అది బాగా పనికొచ్చింది. కానీ ఆ కంచె నీడలోనే చిన్న మొక్కలూ కొన్ని బతికాయి. ఎండ అందరికీ సమానంగా కాస్తే మొదట వాడిపోయేది అవే.

అసలు దూకేవాళ్ళు చానళ్ళని అప్పటికే దాటిపోయారు. 2012 అక్టోబరు 14న ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ అనే ఆస్ట్రియా వాడు న్యూ మెక్సికో మీద దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి దూకాడు. దేశదేశాల టీవీలూ చూపించాయి గానీ, యూట్యూబులో ఒక్క క్షణాన 80 లక్షల మంది చూస్తున్నారు. దాన్నంతా నడిపించింది ఒక శీతల పానీయాల కంపెనీ. ఆకాశం అంచు నుంచి క్షేమంగా దిగిన ఆ మనిషి 2025 జులైలో ఇటలీలో పారాగ్లైడింగ్ చేస్తూ ప్రమాదంలో పోయాడు.

2023లో ఇంటర్నెట్ ప్రసారాల కోసం కెనడా వారు కొత్త చట్టం తెచ్చారు. పెద్ద పెద్ద కంపెనీలు కమిషన్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. అంతవరకు బాగానే ఉంది. మా వాడి ఫోనులో కొండ మీంచి దూకే కుర్రాడెవరో, వాడు దూకాక ఏమయ్యాడో, వాడి తరవాత ఇంకా ఎత్తు నుంచి దూకేవాణ్ణి ఎవరు ఏరి చూపిస్తున్నారో, ఎవరికి ఉత్తరం రాస్తే జవాబొస్తుందో మాత్రం చెప్పేవాడు లేడు. పాత చానల్ ఫలానా కంపెనీ, ఫలానా చిరునామా, ఫలానా షరతు. తగాదా పెట్టుకోడానికి ఒక గుమ్మం ఉండేది. ఇప్పుడు గుమ్మం లేని ఇంటితో ఏం తగాదా పెట్టుకుంటాం?

మొన్న జనవరిలో మా ఇంట్లోనే ఒక దరఖాస్తు వచ్చింది. మనవడు స్నేహితులతో మంచు కొండకి వెళ్తాట్ట. ఉత్త జారుడు కాదు, గెంతుళ్ళ కోసం విడిగా తీర్చిన చోటికి. వాళ్ళమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. వాళ్ళ నాన్న, "మీరేమంటారు మావయ్యగారూ?" అని బంతి నా వైపు తోశాడు.

"కమిషన్ పద్ధతిలో పోదాం" అన్నాను.

వాడు దరఖాస్తు రాశాడు, కాగితం మీద, కలంతో. సేవ స్వభావం ఏమిటి? స్నోబోర్డు. ఏ ఎత్తు గెంతుళ్ళు? చిన్నవి. అక్కడ నారింజ రంగు కోడిగుడ్డు ఆకారం బోర్డు పెట్టి, చిన్న, మధ్య, పెద్ద అని సైజులు రాస్తారని వాడే చెప్పాడు. చానళ్ళ ఫారంలో లేని గడీ నేనొకటి కలిపాను: దూకే మనిషి పేరు, వాడి మెడ గురించి వాడికున్న ఆలోచన. వాడు నవ్వలేదు. చాలాసేపు పెన్ను కొరికి, హెల్మెట్ పెట్టుకుంటాననీ, దూకే ముందు కిందెవరూ లేరని చూసుకుంటాననీ, భయం వేస్తే దూకననీ, స్నేహితులు నవ్వినా సరే దూకననీ రాశాడు. ఆ చివరి మాట చదివి వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది.

తరవాత ఫ్రిజ్ తలుపు మీద ప్రకటన అంటించాం. అభ్యంతరాలకి గడువు మూడు రోజులు. అమ్మాయి రాసింది: మొదటి రెండుసార్లు శిక్షకుడి దగ్గర నేర్చుకోవాలి. అల్లుడుగారు రాశారు: చీకటి పడక ముందే ఇంటికి రావాలి. మా ఆవిడ రెండు పేజీల అభ్యంతరం తెలుగులో రాసింది. దరఖాస్తుదారుకి తెలుగు చదవడం రాదు గనక నేనే చదివి వినిపించాను. అందులో నా మీద కూడా కొన్ని ఆరోపణలున్నాయి. అవి ప్రస్తుత విషయానికి సంబంధించినవి కావని పక్కన పెట్టాను.

వాడు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి మాటలు వెతుక్కుని, "అమ్మమ్మా, నువ్వు చెప్పినవన్నీ నిజమే. కానీ నేను ఫోనులో చూస్తూ కూచుంటే నీకు నచ్చదు. వెళ్తే కూడా నచ్చదు. మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు. ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తీర్పు: అనుమతించడమైనది. చిన్న గెంతుళ్ళకి మాత్రమే. పై షరతులన్నిటికీ లోబడి. కాలపరిమితి ఒక్క చలికాలం. రెన్యూవల్‌కి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవలెను. భిన్నాభిప్రాయం తెలిపిన సభ్యురాలు ఒకరు. ఆవిడ అభ్యంతరాన్ని ఫైల్లో భద్రపరచడమైనది.

శనివారం పొద్దున వాడు బయల్దేరుతూంటే ఆ సభ్యురాలే స్వయంగా హెల్మెట్ పట్టీ బిగించింది. రెండుసార్లు లాగి చూసింది.